సరుగుడుపేట గుమ్మాలు

మా అమ్మకు అబద్ధం చెప్పడం రాదు. అదేదో సుగుణమని మీరనుకుంటే, అలాంటి అమ్మతో ఒకే ల్యాబులో పనిచేసి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. డబ్బులిచ్చే సంస్థవాళ్ళు ఢిల్లీ నుంచి దిగి, "మీ యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుందటగా" అని మెచ్చుకోబోతే, "పదింటికి ఒకటి తప్పుతుందండీ, ఆ ఒకటి ఏదో మాకూ ముందు తెలియదు" అని కుండబద్దలు కొట్టిన మనిషి. పక్కనే టీ కప్పుల ట్రే పట్టుకుని నేను. ఆ యంత్రం కట్టింది నేనే మరి.

అమ్మ పేరు డాక్టర్ హిమబిందు. చదివింది మానవశాస్త్రం. వాతావరణం మారితే మనుషులు ఎప్పుడు, ఎందుకు ఊరు విడుస్తారన్నది ముప్పై ఏళ్ళకు పైగా ఆమె వెంటపడిన ప్రశ్న. అనంతపురం వైపు బోర్లు ఎండినా, కృష్ణ ఒడ్డున లంకలు కోసుకుపోయినా, ఉత్తరాంధ్రలో సముద్రం ఇళ్ళ మీదికొచ్చినా, అక్కడ ఎవరి అరుగు మీదో అమ్మ చాప పరుచుకుని కూర్చునేది. చిన్నప్పుడు బళ్ళో "మీ అమ్మగారు ఎక్కడుంటారు ధృతీ?" అని అడిగితే, "ఎక్కడ వాన పడకపోతే అక్కడండీ" అని చెప్పేదాన్ని.

ఇన్నేళ్ళ తిరుగుడులో అమ్మ కనిపెట్టిన సంగతి ఒక్కటే. ఊరు విడవాలని మనిషి అనుకోకముందే అతని చేతులు విడవడం మొదలుపెడతాయి. కారే కప్పుకు ఆకు వేయడు. పండక్కి సున్నం కొట్టించడు. కొబ్బరిమొక్క నాటడు. అడిగితే మాత్రం "ఇక్కడే పుట్టాం, ఇక్కడే పోతాం" అని ఒట్టు వేస్తాడు, ఆ ఒట్టు నిజమని తనే నమ్ముతాడు కూడా. వానకు ముందు చీమలు గుడ్లు మోసుకుపోయినట్టు మనుషులూ మోసుకుపోతుంటారు, వాళ్ళకే తెలియదు, అంటుంది అమ్మ.

అందుకే యంత్రానికి చీమ అని పేరు పెట్టాం. పేరుకే చీమ. విశాఖపట్నంలో మా ల్యాబులో ఒక గదంతా ఆక్రమించి, ఏసీ కాస్త తగ్గితే అలిగి కూర్చునే ఇనప బీరువాల వరస. రోజూ పొద్దున తీరం మీదుగా పోయే ఉపగ్రహాలు తీసిన ఫొటోలు, కరెంటు వాడకం, బళ్ళో చేరికలు, సిమెంటు అమ్మకాలు, అన్నీ నమిలి ఒక్కో ఊరికి వందకు ఇంత అని ఒక అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే ఆ ఊరు త్వరలో ఖాళీ అవుతుందన్నమాట.

చీమ పుట్టిన మొదటి ఏడే ఒక లంక ఊరికి పెద్ద అంకె చెప్పింది. ఒక అధికారి వెళ్ళి చూసొచ్చి, "జనం నిక్షేపంలా ఉన్నారు, ఏం కాదు" అని నోటిమాటతో కొట్టిపారేశాడు. కొన్నాళ్ళకే వచ్చిన వరదలో పోయినవాళ్ళ పేర్లు అమ్మ ఇప్పటికీ వరసగా చెబుతుంది. ఆ తర్వాత కాళ్ళరిగేలా తిరిగి అమ్మ ఒక నిబంధన తెచ్చింది. తీర పునరావాస మండలి ఇకమీదట చీమ అంకె ప్రకారమే నడవాలి. ఏ అధికారీ, ఏ మంత్రీ, ఆఖరికి అమ్మ కూడా, నోటిమాటతో దాన్ని మార్చకూడదు. ఏ గుర్తుకు ఎంత బరువన్న లెక్కకు తాళం వేసి ఉంటుంది, ఏడాదికొకసారి కమిటీ కూర్చున్నప్పుడే తీస్తారు. అప్పటినుంచి ఎన్నో ఊళ్ళకు ముందే బియ్యం, బడి, ఇళ్ళ జాగా సిద్ధమయ్యాయి. చీమ ప్రాణాలు కాపాడింది. గొప్పకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

చీమ లెక్కలో అన్నిటికంటే బరువైన గుర్తు ద్వారబంధం. ఇంటికి ద్వారబంధం పీకారంటే ఆ మనుషులు ఇక తిరిగిరారు. అమ్మకిది ఏ పుస్తకంలోనో దొరికింది కాదు. ఆమె చిన్నతనంలో కృష్ణ లంకలో వాళ్ళ తాతగారి పొలం ఏట్లో కలిసిపోతే, ఆయన ఇంటి టేకు ద్వారబంధం పెకలించి ట్రాక్టరు మీద వేసుకుని బెజవాడ వచ్చేశాడట. అద్దె వాటాలో దాన్ని నిలబెట్టే చోటెక్కడ? మంచం కిందకు తోశారు. చెదలు తినేదాకా అక్కడే పడి ఉంది. "గుమ్మం పీకితే ఊరు పోయినట్టేనే బిందూ" అని ఆ మంచం మీదే పడుకుని అనేవాడట. అమ్మ చదువంతా ఆ మంచం కిందనుంచే మొదలైందని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున నేను ఉప్మా డబ్బా మూత తీస్తుండగా తెర మీద సరుగుడుపేట ఎర్రగా వెలిగింది.

సరుగుడుపేట శ్రీకాకుళం జిల్లాలో చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఏటా కొంత ఇసుక తినుకుంటూ సముద్రం ముందు వరస గోడలదాకా వచ్చేసింది. బావులన్నీ ఉప్పనయ్యాయి. అయినా ఆ ఊరి అంకె ఎప్పుడూ ముప్పై దాటలేదు. ఇవాళ తొంభై నాలుగు.

"ద్వారబంధాలమ్మా! ఊరంతా పీకేశారు. నిన్న ఇళ్ళ ముందు ఇసుకలో వెల్లకిలా పరిచి ఉన్నాయి, చూడు. ఇవాళ ఒకటీ అరా తప్ప లేవు. బండ్లకెత్తేసి ఉంటారు" అన్నాను.

అమ్మ చెంచా పక్కన పెట్టి తెర దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. "పోనీలే, ముందే తెలిసింది. జనాన్ని జాగ్రత్తగా వేరేచోట దింపుతారు" అంది. తర్వాత ఉప్మా ముట్టలేదు.

మండలివాళ్ళు ఎంత చురుగ్గా ఉన్నారంటే, వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సరుగుడుపేటకు వేస్తున్న మంచినీళ్ళ గొట్టం అప్పటికి సరుగుడు తోపుదాకా వచ్చి ఉంది. ఖాళీ అయ్యే ఊరికి నీళ్ళెందుకు? పని ఆపేశారు. నెలాఖరుకల్లా గొట్టాలు తవ్వి వేరే ఊరికి తరలించాలన్నారు. జనానికి మూడు పట్టణాల్లో ఫ్లాట్లు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. బడి మూసేశారు.

మూడు రోజులకే ఫోను. అవతల నూకరత్నం. సరుగుడుపేటలో చేపల గంప నెత్తికెత్తిన ఆడవాళ్ళందరికీ పెద్ద. అంతకు రెండేళ్ళ ముందు అమ్మ చాప పరిచింది ఆవిడ అరుగు మీదే. నోరు తెరిస్తే కారం, అయినా మనిషి వెన్న.

"డాక్టరమ్మా, మీ యంతరం ఏటి కూసింది? మావు ఎల్లిపోతన్నామని ఎవులు సెప్పినారు దానికి? గొట్టాలు తవ్వీడానికి మనుసులొచ్చి కూకున్నారు! ఉప్పునీల్లు తాగి సావమంతావేటి?"

"మీరు గుమ్మాలు తీసేశారు కదా నూకరత్నం?"

"తియ్యకపోతే సంద్రానికి ఒగ్గీమంతావా?"

"తీసి ఎక్కడికి తీసుకెళ్ళారు?"

"పోన్లో సెప్తే నీకేటి తెలుస్తాది? వొచ్చి సూడు!" టక్కున పెట్టేసింది.

వెళ్ళాం. కారు తోపు దగ్గరే ఆగిపోయింది, అవతలంతా ఇసుక. చెట్ల మధ్యనుంచి నడిచి అటువైపు దిబ్బ ఎక్కేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

దిబ్బ మీద గుమ్మాలు నిలబడి ఉన్నాయి. ఇళ్ళు లేవు, గోడలు లేవు, ఉత్త గుమ్మాలు. ఊరికెన్ని ఇళ్ళో అన్ని గుమ్మాలు, వీధులు వీధులుగా, ఎదురెదురుగా. కొన్ని పాత టేకువి, కొన్ని పనసవి, నీలం రంగువి, ఆకుపచ్చవి. ప్రతి గడపకూ పసుపు, కుంకుమ బొట్లు. గుమ్మాలకు అవతల ఆకాశం తప్ప ఏం లేదు.

నేను ఒక గుమ్మం పక్కనుంచి అవతలికి నడవబోయాను.

"ఓలమ్మో, దొంగలాగ పక్కనించి వొత్తావేటి! గుమ్మంలోంచి రా!" ఎక్కడినుంచో నూకరత్నం కేక. ఉలిక్కిపడి వెనక్కొచ్చి, గడప దాటి, గాలిలోకి అడుగుపెట్టాను. ఆవిడ చేతిలో పసుపు గిన్నె. "ఇది మా ఇల్లు. ఇప్పుడు కూకో" అని ఇసుక చూపించింది.

అమ్మ కూర్చోలేదు. గుమ్మాల వరస వెంట మెల్లగా నడుస్తోంది, ఒక్కో గుమ్మాన్నీ చేత్తో ముట్టుకుంటూ. "ఇది నీది. పక్కది దాలమ్మది. ఎదురుగా పడవల మేస్త్రీ ఇల్లు. ఆ మూల చావడి..." అంటూ చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. రెండేళ్ళ క్రితం చూసిన ఊరు, ఎవరి పక్కన ఎవరున్నారో అలాగే, పొల్లు పోకుండా. "మీరు వెళ్ళడం లేదు. జరుగుతున్నారు" అంది.

"మరేటనుకున్నావు? ముందు గడప నిలబడాల. అది నిలబడితే ఇల్లు దానెనకాల అదే వొస్తాది. అదిగో, ఆ నురగ కనబడతంది సూడు, అక్కడ మా నాయినమ్మ ఇల్లు. దానికవతల ఆవిడ అత్తది. సంద్రం వొచ్చినప్పుడల్లా ఊరు ఎనక్కి జరుగుతాది. ఊరి పేరు మారిందా? పక్కింటోల్లు మారినారా?"

నేను ఫోను తీసి ఆ పొద్దుటి ఉపగ్రహం ఫొటో చూశాను. దిబ్బ మీద సన్నని గీతలు, గీతలు. నిలబెట్టిన గుమ్మం పైనుంచి చూస్తే ఒక గీత. చీమ దాన్ని ఎండుకొమ్మ కింద కూడా లెక్కకట్టలేదు. పడుకోబెట్టిన గుమ్మం మాత్రం నలుచదరంగా చక్కగా కనిపించింది, దాన్ని పట్టుకుని ఊరు పోయిందని అరిచింది. లంకల్లోనూ మెట్టలోనూ అలాగే జరిగింది మరి. రైతు గుమ్మం పీకితే దాన్ని మళ్ళీ నిలబెట్టే జాగా ఉండదు. వీళ్ళు పీకేది నిలబెట్టడానికే.

"దాలమ్మ ఏదీ?" అంది అమ్మ.

నూకరత్నం ముఖం తిప్పుకుంది. "ఎల్లిపోనాది. బడి మూసీసినారు. సిన్నదానికి ఉప్పునీల్లు పడక ఒల్లంతా దద్దులు. ప్లాటు కాయితం వొచ్చింది, పిల్లల్నట్టుకుని ఎల్లిపోనాది. ప్లాటుకి తలుపుంది గదా, గుమ్మం నాకెందుకు అంది. నానే మోసుకొచ్చి నిలబెట్టినాను." ఇద్దరూ పుట్టినప్పటినుంచి పక్కపక్క ఇళ్ళు, దాలమ్మను తిట్టకుండా నూకరత్నానికి పొద్దు గడిచేది కాదని నాకు తర్వాత తెలిసింది.

అమ్మ దాలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకేమో ఏడుపుకు బదులు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అన్నిటికంటే ఎక్కువ నా బీరువాల మీదే.

మండలి అధ్యక్షుడు జయంత్ గారు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెప్పిందంతా విని, "మీ మాట నూటికి నూరుపాళ్ళు నమ్ముతున్నాను మేడమ్. కానీ నోటిమాట చెల్లదన్న నిబంధన మీదే కదా? నెలాఖరులోగా అంకె ఇరవైకి దిగితే గొట్టం అక్కడే ఉంటుంది, బడి తెరుస్తాను. దిగకపోతే నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. అతను చెప్పింది న్యాయం.

ఆదివారం ఆవకాయ పని పెట్టుకున్నాం. లోకం మునిగినా ఆవకాయ ఆగకూడదని మా ఇంటి శాసనం. అమ్మ కాయలు కొడుతోంది, నేను ఆవాలు దంచి టెంకల్లో జీడి తీస్తున్నాను.

"అమ్మా, తాళం నా దగ్గరుంది" అన్నాను.

కత్తి ఆగింది. "ఏ తాళం?"

"చీమ లెక్క తాళం. కట్టింది నేనే కదా. ద్వారబంధం బరువు కాస్త తగ్గిస్తే చాలు. ఎవరికీ తెలియదు. అరగంట పని."

"ఇవాళ నువ్వు మంచికి తీస్తావు. రేపు ఇంకొకడు వస్తాడు, వాడూ మంచికే అంటాడు. లంకలో ఆ అధికారి కూడా చెడ్డవాడేం కాదే."

"అయితే ఏం చేద్దాం? ఊరు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయాక కమిటీ ముందు నిజాయితీగా చెంపలేసుకుందామా?" ఆవపిండి చేత్తోనే కన్ను నలుపుకున్నాను. మంట నషాళానికి అంటింది. అమ్మ నన్ను చేయిపట్టి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి కంట్లో నీళ్ళు కొడుతూనే ఉంది. కొడుతూ కొడుతూ ఆగిపోయింది.

"ధృతీ, చీమకు గుమ్మం కనిపించదు. కప్పు కనిపిస్తుందిగా?"

"కప్పుంటే కనిపిస్తుంది. దాని కింద పది రోజులు వరసగా పొయ్యి వేడి కనబడితే కాపురం అని లెక్కేస్తుంది. కానీ అక్కడ కప్పుల్లేవు కదా. ఇళ్ళు లేవడానికి ఆర్నెల్లు పడుతుంది." ఒంటి కన్నుతో ఆమెను చూశాను. "ఉత్తుత్తి కప్పులు వేయించి చీమను మోసం చేద్దామనా? నువ్వేనా ఈ మాటనేది?"

"ఉత్తుత్తివి ఎందుకు? నిజంగా ఉంటారు. ఎండలో, ఇసుకలో. ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే లేదు." ముక్కల్లో ఉప్పు, కారం కలిపిన తర్వాత నూకరత్నానికి ఫోను చేసింది.

అది వేట నిషేధ కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ సముద్రంలోకి పడవలు పోకూడదు, వలలన్నీ ఒడ్డునే ఉంటాయి. గుమ్మం నుంచి గుమ్మానికి తాళ్ళు లాగి, వెనక వెదురు గుంజలు పాతి, వాటి మీద ఒక వల పరిచారు. వల మీద తాటాకు. గాలికి ఎగిరిపోకుండా ఆకు మీద ఇంకో వల. మూడు రోజుల్లో దిబ్బంతా ఒకటే పందిరి, ఎవరి గుమ్మం వాళ్ళది. గోడలు లేవు. పాత ఇళ్ళలోంచి పొయ్యిలు, మంచాలు, కోళ్ళ గంపలు అన్నీ వచ్చేశాయి.

నేనూ అక్కడే ఉండిపోయాను. చీమను దగ్గరుండి చూసుకోవడానికి అని బయటికి చెప్పాను. అసలు సంగతి, వాళ్ళు నిజంగానే ఉంటారని నాకింకా నమ్మకం లేదు, ఎవరైనా కిటుకు చేస్తారేమోనని కాపలా కాయడానికి వచ్చాను. నాకు ఒక తాడు ఇచ్చి ముడి వేయమంటే, వేసిన ముడి నూకరత్నం ఒక్క వేలితో విప్పేసింది.

"డాక్టరమ్మా, మీ గుంటకి యంతరాలు కట్టడం నేర్పినావు గానీ, ముడెయ్యడం నేర్పనేదేటి?"

"నాకే రాదు నూకరత్నం" అంది అమ్మ. నిజమే చెప్పింది, ఎప్పటిలాగే.

ఎండ చెప్పనలవి కాదు. మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెడితే పేలాల చట్టి. మంచినీళ్ళు ట్యాంకరులో వస్తే బిందెల వరస తోపుదాకా ఉండేది. దాలమ్మ గుమ్మం మీద కూడా నూకరత్నం వల లాగించింది, కింద మాత్రం ఎవరూ లేరు. రోజూ చీమ అంకె చూసేవాళ్ళం. ఎనభై. అరవై ఏడు. యాభై. ఊళ్ళో ఆడవాళ్ళు చేపల ధర అడిగినట్టు "ఇయాల ఎంత?" అని అడిగేవాళ్ళు.

పందిట్లో పొయ్యిలు వెలిగించిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం భోజనాలప్పుడు ఈశాన్యం నల్లబడింది. గాలి వచ్చిందంటే వచ్చింది. ఇసుక ముఖాన కొడుతుంటే కళ్ళు తెరవలేం. పై వలలు ఉబ్బి తాళ్ళు పటపటా తెగుతున్నాయి, తాటాకు గుట్టలు గుట్టలుగా తోపులోకి ఎగిరిపోతోంది. మగవాళ్ళు పడవలు పట్టుకోవడానికి ఒడ్డుకు పరుగెత్తారు. అందరూ ఏదో ఒక తాడు పట్టుకున్నారు. పట్టుకోనిది ఒక్క దాలమ్మ పందిరి తాడే. అది నా ముందే ఉంది.

పట్టుకున్నాను. అరచేతుల చర్మం ఊడొచ్చింది. కాపలా కాయడానికి వచ్చినదాన్ని, ఎవరిదో మనుషుల్లేని పందిరిని పట్టుకుని "పోకే, పోకే" అని గాలిని బతిమాలుతున్నాను. కొంతసేపటికి నా వెనక అమ్మ, ఆమె వెనక నూకరత్నం. ముగ్గురం ఇసుకలో కూలబడి లాగాం.

గాలి తగ్గేసరికి సగం కప్పులు పోయాయి. పొద్దున ఉపగ్రహం వచ్చేలోగా కప్పు కనబడకపోతే తొమ్మిది రోజులూ లెక్కలోంచి పోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలు, అంత వ్యవధి లేదు. ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. పిల్లలు తోపులో ఆకు ఏరుతున్నారు, ఆడవాళ్ళు వలలు విదిలిస్తున్నారు, ఒడ్డునుంచి మగవాళ్ళు తిరిగొచ్చి గుంజలు పాతారు. దీపాలు పెట్టే వేళకు పందిళ్ళు లేచాయి. ఆ సాయంత్రం నేను వేసిన ముడిని నూకరత్నం లాగి చూసింది, రాలేదు. ఏమీ అనకుండా పక్క గుంజ దగ్గరికి వెళ్ళింది. అంత మెప్పు నాకు ఏ కాన్ఫరెన్సులోనూ దొరకలేదు.

మర్నాడు అంకె పదకొండు.

ఊరు ఊరంతా కేకలు. నన్ను ఎవరో ఎత్తుకుని తిప్పారు, కిందపడ్డాను కూడా. గొట్టాలు తవ్వడానికి వచ్చినవాళ్ళే మళ్ళీ పలుగులు పట్టి గొట్టాన్ని దిబ్బదాకా తెచ్చారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ మా అమ్మకు అబద్ధం రాదని ముందే చెప్పాను. జయంత్ గారికి అంకెతోపాటు కథంతా చెప్పింది. చీమ గుమ్మాల విషయంలో గుడ్డిదని, ఆ గుడ్డితనం తన దగ్గరినుంచే వచ్చిందని, ఇంకా ఎన్ని ఊళ్ళలో ఇలా జరిగిందో వెతికేదాకా చీమను దేశమంతా పెట్టొద్దని చెప్పింది. దేశమంతా పెట్టాలని ఆమె ఎన్నేళ్ళు కష్టపడిందో నాకు తెలుసు. ఆ పథకం ఆగింది. దానికి అధిపతిగా అమ్మ పేరే అనుకున్నారు, అదీ పోయింది.

"బాధగా లేదా?" అన్నాను.

"చచ్చేంత బాధగా ఉంది. కాస్త ఆవకాయ వెయ్యి" అంది.

ఆ శీతాకాలం కమిటీ తాళం తీసింది. చీమకు నేలమీద కళ్ళు పెట్టాం, ఊళ్ళో కరెంటు స్తంభాల మీద చిన్న కెమెరాలు, గుమ్మాలు నిలువునా కనబడే ఎత్తులో. ఊళ్ళవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నచోటే. ఉంటారా పోతారా అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా, జరిగితే ఎవరి పక్కన ఎవరు అన్నది కూడా లెక్కలో చేరింది. ఊరు జరగాలనుకుంటే నీళ్ళూ బడీ కూడా దానితో జరగాలని మండలి కొత్త ఉత్తర్వు ఇచ్చింది.

సరుగుడుపేటలో గుమ్మాల వెనక ఒక్కొక్కటే ఇళ్ళు లేచాయి. ఒకటి తప్ప. అయినా చీమ పదేపదే ఒక తప్పు చేస్తోంది. గోడలు లేని ఆ దాలమ్మ ఇంట్లో మనుషులు ఉన్నారని చెబుతోంది. మొదట నవ్వుకున్నాను, తర్వాత చిరాకేసింది, నా వల్ల కాక కెమెరా ఫొటోలు తీసి చూశాను. ప్రతి శుక్రవారం నూకరత్నం తన గడపకు పసుపు రాసి, గిన్నెలో మిగిలింది పక్క గడపకు రాస్తోంది. ఏదో తిడుతూ రాస్తోందని పెదవులే చెబుతున్నాయి. పసుపు రాసిన గడపలన్నిటికీ కాపురాలున్నాయి కాబట్టి దీనికీ ఉందని చీమ నేర్చేసుకుంది.

"కెమెరా కాస్త పక్కకు తిప్పేసి వస్తాను" అన్నాను.

"దాని జోలికి పోకే. దానికేదో తెలిసుంటుంది" అంది అమ్మ.

"నువ్వు శాస్త్రవేత్తవేనా అసలు?" అని విసుక్కుని బయల్దేరాను.

నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి కెమెరా మరలు వదులు చేస్తుండగా తోపు దగ్గర ఆటో ఆగింది. దాలమ్మ దిగింది, భర్త, ఇద్దరు పిల్లలు, నాలుగు మూటలు. ఆ భర్త పట్నం వెళ్ళినా వేట మానలేదు, రోజూ తెల్లారకముందే బస్సెక్కి ఇక్కడికొచ్చి పడవెక్కేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళానికి కబుర్లు చెప్పేవాడు. నీళ్ళొచ్చాయట. బడి తెరిచారట. నూకరత్నం నీ గడపకు పసుపు రాస్తోందట. ఆ చివరి కబురు విన్నాక దాలమ్మ మూటలు కట్టింది.

నూకరత్నం తన గుమ్మంలో నిలబడి చూసింది. ఎదురెళ్ళలేదు, కావలించుకోలేదు.

"ఇన్నాల్ల బట్టి నీ గడపకి నానే రాత్తన్నాను. సేతులు పడిపోతన్నాయి. ఇదిగో, అట్టుకో! ఇకనించి నీది నువ్వే రాసుకో" అని పసుపు గిన్నె చాచింది.

దాలమ్మ గిన్నె అందుకుని, అక్కడే కూర్చుని, గడపంతా చేత్తో పసుపు రాసింది. రాస్తూ ఏడ్చింది. నేను మరలు బిగించేసి కిందికి దిగి అమ్మకు ఫోను చేశాను. "అమ్మా, చీమ తప్పు చెప్పలేదు."

"సంబరపడకు. పదింటికి ఒకటి తప్పుతుంది" అంది అమ్మ.

పసుపు ఆరేదాకా ఆగి వాళ్ళు మూటలు ఎత్తుకున్నారు. ఆ ఇంటికి గోడలు లేవు, ఏ వైపునుంచైనా నడిచి రావచ్చు. అయినా నలుగురూ ఒకరి వెనక ఒకరు, చిన్నది ముందు, గడప దాటి లోపలికొచ్చారు.